పాలేరు లేని రాజ్యం

చరిత్రను తెలుసుకొనే మార్గాలు అనేకం. శాసనాలు చదివేవారు కొందరు, శిథిలాలు త్రవ్వేవారు కొందరు, పాత గ్రంథాల పుటలలో జీవితమంతా గడిపేవారు మరికొందరు. వీరందరికీ భిన్నంగా, గతించిన కాలంలోకి నడిచివెళ్లి అక్కడ కొన్నాళ్లు కాపురముండాలని కోరుకొనేవారు కూడా లోకంలో ఉన్నారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ప్రతి వేసవిలో జరిగే ‘పెన్సిక్ యుద్ధం’ అటువంటివారి సమావేశాలలో పేరెన్నికగన్నది. దానిని కేవలం వేషధారుల వినోదమని కొట్టివేసేవారు ఉన్నారు. సజీవ చరిత్ర అని ఆకాశానికెత్తేవారూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలలో ఏదీ పూర్తిగా నిలిచేది కాదు.

పిట్స్‌బర్గ్ నగరానికి ఉత్తరాన స్లిప్పరీ రాక్ అనే చిన్న ఊరు ఉన్నది. దాని సమీపంలోని కూపర్స్ లేక్ విడిది మైదానంలో పచ్చిక బయళ్లు, చెట్ల గుంపులు, ఒక చెరువు కనిపిస్తాయి. జూలై చివరి దినాలు రాగానే ఆ మైదానం స్వరూపమే మారిపోతుంది. సుమారు రెండు వారాలపాటు అక్కడ పదివేలమందికి పైగా జనం గుడారాలు వేసుకొని నివసిస్తారు. గుడారాల మీద రంగురంగుల పతాకలు ఎగురుతాయి. వీధులు ఏర్పడతాయి, అంగళ్లు వెలుస్తాయి. పదిహేడవ శతాబ్దానికి పూర్వపు వేషధారణను కొంతైనా పోలిన దుస్తులు ధరించాలన్నది అక్కడి నియమం. కొంతైనా అన్న మాట గమనింపదగినది. నూలు వడకి, నేసి, సహజమైన రంగులు అద్ది తన అంగరఖాను తానే కుట్టుకొన్న నిష్ఠాపరుడి ప్రక్కనే, దుప్పటికి కంత చేసి తలమీదుగా వేసుకొన్న కొత్తవాడు కూడా నిలబడవచ్చు. ఇద్దరికీ ప్రవేశం ఉన్నది. కారులో వచ్చి, సామాను దింపి, ఆ కారును దూరంగా నిలిపివచ్చిన తరువాత ఇంజనీరు నార్మన్ యోధుడవుతాడు. బడిపంతులమ్మ వైకింగుల ఇల్లాలవుతుంది. ప్రతివారికీ ఆ లోకంలో వేరొక పేరు, వేరొక ఊరు, వేరొక శతాబ్దం ఉంటాయి. అయితే చరిత్రలో నిజంగా జీవించిన ప్రసిద్ధ వ్యక్తిగా తనను తాను ప్రకటించుకోవడానికి ఎవరికీ అనుమతి లేదు. రిచర్డ్ సింహహృదయుడు అక్కడ కనిపించడు. ఆయన కాలంలో జీవించి ఉండగలిగిన ఒక అనామకుడు కనిపిస్తాడు. ఈ నియమంలో వివేకం ఉన్నది.

ఈ యుద్ధాన్ని నిర్వహించే సంస్థ పేరు ‘సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజమ్’. కాలాలను కావాలని తారుమారు చేసి అందులోనుంచి కొత్తదనాన్ని సృష్టించే వారి సంఘమని దాని భావం. 1966 మే 1వ తేదీన కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణంలో, తరువాతి కాలంలో నవలా రచయిత్రిగా పేరుపొందిన డయానా పాక్సన్ ఇంటి పెరటిలో కొందరు మిత్రులు కూడి మధ్యయుగపు పద్ధతిలో ఒక ద్వంద్వయుద్ధపు పోటీ జరిపారు. ఆట ముగిసిన తరువాత ఇరవయ్యవ శతాబ్దానికి నిరసన తెలుపుతూ వీధిలో ఊరేగారు. విద్యార్థి ఉద్యమాలతో ఊగిపోతున్న ఆ పట్టణంలో ఊరేగింపు వింత కాదు. ఒక శతాబ్దం మీదనే నిరసన తెలపడం మాత్రం వింతే. మరుసటి పోటీకి ఒక ఉద్యానవనాన్ని కోరవలసి వచ్చినప్పుడు, దరఖాస్తులో వ్రాయడానికి సంస్థ పేరు కావలసివచ్చింది. రచయిత్రి మారియన్ జిమ్మర్ బ్రాడ్లీ అప్పటికప్పుడు చెప్పిన పేరే నేటికీ నిలిచింది. ఈనాడు ఆ సంస్థ భూగోళాన్ని ఇరవై ‘రాజ్యాలు’గా విభజించుకొన్నది. ప్రతి రాజ్యానికీ ఒక రాజు, ఒక రాణి. పోటీలో గెలిచినవారికే సింహాసనం. అదీ కొన్ని నెలలు మాత్రమే.

పెన్సిక్ యుద్ధం పుట్టుకను గురించి ఆ రాజ్యాలలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. మధ్య రాజ్యానికి రాజుగా ఉన్న కారియడాక్ అనే వీరుడు తూర్పు రాజ్యం మీద యుద్ధం ప్రకటిస్తూ లేఖ పంపాడట. ఆ లేఖను తూర్పువారు పట్టించుకోలేదట. కొంతకాలానికి ఆ వీరుడే ఉద్యోగరీత్యా తూర్పునకు తరలివెళ్లి, అక్కడి పోటీలో గెలిచి రాజయ్యాడు. పాత సవాలును తానే స్వీకరించి, తన పూర్వరాజ్యంతో పోరాడి ఓడిపోయాడు! ఓడినవారికి పిట్స్‌బర్గ్ నగరం దక్కుతుందని నాటి పందెం. పరిశ్రమల పొగకు పేరుపడ్డ ఆ నగరాన్ని గెలిచినవారికి గాక ఓడినవారికి అంటగట్టడంలోని చమత్కారం చెప్పనక్కరలేదు. ఆ కారియడాక్ అసలు పేరు డేవిడ్ ఫ్రీడ్‌మన్. ఆయన ఆర్థికశాస్త్రవేత్త, నోబెల్ బహుమతి పొందిన మిల్టన్ ఫ్రీడ్‌మన్ కుమారుడు. పెన్సిల్వేనియా అన్న పేరును, ప్రాచీన రోమునకు కార్తేజ్‌కు నడుమ జరిగిన ప్యూనిక్ యుద్ధాల పేరును కలిపి ‘పెన్సిక్’ అన్నారు. మొదటి యుద్ధం 1972లో జరిగింది. కోవిడ్ మహమ్మారి వలన 2020, 2021 సంవత్సరాలలో ఆగిపోయి, 2023లో యాభైయవ యుద్ధం జరుపుకొన్నది.

చరిత్రలోని నిజమైన యుద్ధాలను స్మరించుకొనే ఉత్సవాలు వేరు. 1066లో జరిగిన హేస్టింగ్స్ యుద్ధాన్ని ఇంగ్లండులో ఆ రణభూమి మీదనే ప్రదర్శిస్తారు. పల్నాటి యుద్ధవీరులకు కారెంపూడిలో కార్తీకమాసంలో ఉత్సవాలు జరుగుతాయి. అక్కడ పూజలందుకొనే ఆయుధాల వెనుక మరణించిన మనుషులున్నారు. అందువలన ఆ ఉత్సవంలో శోకమూ భక్తీ ఉంటాయి. పెన్సిక్ యుద్ధంలో ఎవరి మరణమూ లేదు. ఎన్నడూ జరగని యుద్ధం కనుక దానిలో ఎవరు గెలుస్తారన్నది ముందుగా ఎవరికీ తెలియదు. ప్రదర్శనకు, క్రీడకు ఉన్న భేదం ఇక్కడే ఉన్నది.

ఆ క్రీడ నియమాలు తెలుసుకొంటే గాని దాని విలువ బోధపడదు. కత్తులు ఉక్కువి కావు. లావుపాటి పేము బెత్తాలు. ఒకటింపావు అంగుళానికి తక్కువ మందం ఉండరాదని నిబంధన. శిరస్త్రాణం, కవచం మాత్రం నిజమైనవే. రణరంగంలోకి దిగేముందు ప్రతివాని కవచాన్నీ పర్యవేక్షకులు పరీక్షిస్తారు. దెబ్బ చేతికి తగిలితే ఆ చేయి పోయినట్లు. తొడకు తగిలితే మోకాళ్ల మీద నిలిచి పోరాడాలి. తలకు గాని, మొండెమునకు గాని గట్టిగా తగిలితే మరణించినట్లు. అయితే తగిలిన దెబ్బ మరణానికి తగినదా కాదా అని నిర్ణయించేది ఎవరు? పర్యవేక్షకుడు కాదు, కొట్టినవాడు కాదు. దెబ్బ తిన్నవాడే నిర్ణయించాలి. “చచ్చితిని” అని తానే ప్రకటించి, తానే నేలకొరగాలి.

ఈ ఒక్క నియమం మీదనే ఆ ఆట అంతా ఆధారపడి ఉన్నది. రెండు పక్షాలలో వందలాది యోధులు ఒకరిమీద ఒకరు విరుచుకుపడుతున్నప్పుడు, ధూళిలో, ఉక్కపోతలో, కేకల నడుమ, ఒక దెబ్బ తనకు ఎంత గట్టిగా తగిలిందో ఆ మనిషికి తప్ప మరెవరికీ తెలియదు. తగలలేదని బుకాయించవచ్చు. అటువంటివారు అసలే లేరని చెప్పడం అమాయకత్వమవుతుంది. దెబ్బను ఒప్పుకోనివాని గురించి రాత్రి మంటల దగ్గర చెవులు కొరుక్కోవడమూ జరుగుతుంది. అయినప్పటికీ అర్ధశతాబ్దానికి పైగా ఆ నియమం మారలేదు. ఈనాటి వృత్తిక్రీడలలో నిర్ణేత కన్ను కప్పగలగడం నేర్పరితనంగా చెలామణి అవుతున్నది. కెమెరాలతో పదేపదే పరిశీలిస్తే గాని తీర్పు వెలువడదు. అటువంటి కాలంలో తన ఓటమిని తానే ప్రకటించుకోవలసిన క్రీడ ఒకటి వేలమందితో నడుస్తున్నదంటే, దానిని పిల్లచేష్ట అనడం ఉచితం కాదు. పైగా అసలైన మధ్యయుగపు పోటీలలో ఇంతటి సంయమనం లేదు. ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ 1559లో వేడుకగా జరిగిన పోటీలోనే ఎదుటివాని ఈటె చీలిక కంట గుచ్చుకొని మరణించాడు. పేము బెత్తం ఆ విధంగా చరిత్రను సవరించింది.

మధ్యయుగాన్ని ఆటగా ఆడుకోవడం ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టిన కోరిక కాదు. వాల్టర్ స్కాట్ రచించిన ‘ఐవాన్హో’ నవల వెలువడిన తరువాత ఆంగ్ల ప్రభువర్గంలో ఆ మోజు బలిసింది. స్కాట్లండులో ఎగ్లింటన్ ప్రభువు 1839 ఆగస్టులో తన కోట ముందర ఒక మహా పోటీని ఏర్పాటు చేశాడు. విక్టోరియా రాణి పట్టాభిషేకంలో ప్రాచీనమైన వేడుకలు కొన్నింటిని ఖర్చు తగ్గించేందుకు మానివేశారన్న కినుక కూడా అందుకు కారణం. ప్రభుకుమారులు గుర్రాలెక్కి ఈటెలతో సాధన చేశారు, కవచాలు కొన్నారు, అపారమైన ధనం వ్యయమయింది. చూడడానికి సుమారు లక్షమంది వచ్చారని ప్రతీతి. పోటీ మొదలు కావలసిన వేళకు కుండపోతగా వర్షం కురిసింది. మైదానం బురదగుంటగా మారింది. పోటీకి అధిపతిగా అలంకరించుకొన్న లండన్‌డెర్రీ ప్రభువు గొడుగు విప్పుకొని గుర్రం మీద కూర్చున్నాడు. కవచం మీద గొడుగు! పత్రికలవారికి అంతకంటె ఏమి కావాలి? ఏళ్ల తరబడి ఆ గొడుగును తలచుకొని బ్రిటను నవ్వింది.

పెన్సిక్‌లోనూ వానలు కురుస్తాయి, గుడారాలు కూలుతాయి, బురదలో చక్రాలు దిగబడతాయి. కాని ఎవరూ నవ్వరు, ఎందుకంటే అక్కడ చూడవచ్చిన ప్రేక్షకులు లేరు. వచ్చిన ప్రతివాడూ పాత్రధారే. ఎగ్లింటన్‌లో ప్రభువులు ఆడారు, ప్రజలు తడుస్తూ చూశారు. పెన్సిక్‌లో గుమాస్తా ప్రభువు కాగలడు. స్త్రీలు కూడా కవచం ధరించి బారులు తీరుతారు. తెల్లని నడికట్టు, మెడలో గొలుసు కలిగిన ‘నైట్’ అన్న బిరుదు పుట్టుక వలన రాదు, పోరాటంలోని నేర్పు వలనా నడవడి వలనా వస్తుంది. కళలలో ఆరితేరినవారికి ఒక గౌరవం, సేవ చేసినవారికి మరొక గౌరవం అంతే ఎత్తున ఉన్నాయి. నిజమైన మధ్యయుగం దీనిని కలలో కూడా ఊహించి ఉండదు. అయితే ఒక అరమరికను కూడా చెప్పుకోవాలి. కవచానికి, గుడారానికి, రెండు వారాల సెలవుకు డబ్బు కావాలి. పుట్టుక అడ్డురాని చోట జేబు అడ్డురావచ్చు.

పగటి యుద్ధం కంటె గొప్పది మరొకటి అక్కడ జరుగుతుంది. ‘పెన్సిక్ విశ్వవిద్యాలయం’ అన్న పేరుతో వందలాది పాఠాలు చెప్పుకొంటారు. గురువులకు వేతనం లేదు, శిష్యులకు పరీక్ష లేదు. గొర్రె ఉన్నిని వడకడం, తోలుకు ముద్రలు వేయడం, మొక్కల వేళ్లతో రంగులు తీయడం, గొలుసుకవచానికి ఇనుప వలయాలు అల్లడం, పాత నృత్యాల అడుగులు, వ్రాతప్రతుల అలంకరణ — ఇవన్నీ గుడారాల నీడన నేర్పుతారు. పదమూడవ శతాబ్దంలో బాగ్దాదులో వ్రాసిన వంటల గ్రంథాన్ని ముందు పెట్టుకొని మాంసాన్ని వండి చూస్తారు. ఆ గ్రంథంలో చాలాచోట్ల పాళ్లు ఉండవు, వేళలు ఉండవు; చేయి తిరిగిన వంటవానికి వేరే చెప్పనక్కరలేదని రచయిత భావించి ఉంటాడు. నాలుగుసార్లు చెడగొడితే గాని అయిదోసారి కుదరదు. ఆ చెడిపోవడంలోనే చరిత్ర దాగి ఉన్నది. ఒక అంగీకి కావలసిన నూలును కదురు మీద వడకడానికి ఎన్ని దినాలు పడుతుందో స్వయంగా చేసి చూచినవానికి, దొంగతనం చేసిన వస్త్రానికి నాటి చట్టాలు ఎందుకంత కఠినశిక్షలు విధించాయో పుస్తకం చదివినవానికంటె ముందుగా తెలుస్తుంది. చేతికి తెలిసిన చరిత్ర అది. దానిని వేషధారణతో కలిపి తోసిపుచ్చే పండితులు తమకు తామే నష్టం చేసుకొంటున్నారు.

ఇంతవరకు మెచ్చుకోవలసినదే. మెచ్చుకోరానిది ఇక ముందున్నది.

ఆ మైదానంలో అందరూ కులీనులే. కనీసం చిన్నపాటి ప్రభువంశీయుడు కానివాడు లేడు. కాని మధ్యయుగపు ఐరోపాలో జనులలో అత్యధికులు మట్టిని నమ్ముకొన్న రైతులు, ఆ భూమికి కట్టుబడి యజమాని అనుమతి లేనిదే ఊరు విడువరాని బానిసరైతులు. వారు లేకుండా కోట లేదు, గుర్రం లేదు, కవచం లేదు. 1347 నుండి 1351 వరకు ఐరోపాను ఊపివేసిన ప్లేగు మూడింట ఒక వంతు జనాన్ని, బహుశా అంతకంటె ఎక్కువమందిని బలిగొన్నది. 1290లో ఇంగ్లండు నుండి, 1492లో స్పెయిను నుండి యూదులను వెళ్లగొట్టారు. 1381లో ఇంగ్లండు రైతులు తిరుగబడి లండనులో ప్రవేశించారు. ఆ తిరుగుబాటును నెత్తుటిలో ముంచారు. వీటిలో ఏ ఒక్కటీ ఆ గుడారాలలోనికి రాదు. మధ్యయుగం ఎలా ఉండెనో అలా గాక, ఎలా ఉండవలసి ఉండెనో అలా జీవిస్తున్నామని ఆ సంస్థలోనివారు సమాధానం చెపుతారు. ప్లేగును ఆడుకోవడానికి ఎవరు వస్తారన్న ప్రశ్న కూడా వేస్తారు.

ఆ సమాధానంలో సగం న్యాయం ఉన్నది. ఏ క్రీడ అయినా లోకంలోని కొంత భాగాన్ని విడిచిపెడుతుంది. చదరంగంలో బంటు ఆకలిని గురించి ఎవరూ అడగరు. విడిచిపెట్టడం తప్పు కాదు, విడిచిపెట్టిన సంగతిని మరచిపోవడం తప్పు. సెర్వాంటిస్ సృష్టించిన డాన్ క్విక్సోట్ చదివినది వీరగాథలనే; వాటిని యథార్థమని నమ్మడమే అతని వ్యాధి. రెండు వారాలు ప్రభువుగా గడిపిన మనిషి ఇంటికి తిరిగివెళ్లి, ఆ కాలమంతా పతాకలతో, పాటలతో, మర్యాదలతో నిండి ఉండేదని పిల్లలకు చెప్పడం మొదలుపెడితే, ఆ మైదానంలో నేర్చుకొన్న నూలు వడకడం కూడా ఆ అసత్యానికే దారమవుతుంది.

ఈ శంక ఊరకే పుట్టినది కాదు. 2017 ఆగస్టులో వర్జీనియాలోని షార్లట్స్‌విల్ పట్టణంలో శ్వేతజాతి ఆధిక్యవాదులు ఊరేగినప్పుడు వారిలో కొందరి డాళ్ల మీద మధ్యయుగపు చిహ్నాలు కనిపించాయి. ఐరోపా ఒకప్పుడు తెల్లవారిది మాత్రమేనని, ఆ స్వర్ణయుగాన్ని తిరిగి తేవాలని వారి కల్పన. ఆ తరువాత 2018 జనవరిలో ఈ సంస్థకే చెందిన ఒక రాజ్యపు రాజదంపతులు ధరించిన వస్త్రాల అంచున స్వస్తిక చిహ్నాలు ఉన్నాయని తీవ్రమైన ఆక్షేపణ వచ్చింది. ప్రాచీనమైన నమూనా నుండి గ్రహించినవని వాదన వినిపించింది. భారతీయులకు గడపమీద దిద్దుకొనే మంగళచిహ్నమది. లక్షలాది యూదుల వంశాలను నిర్మూలించిన నాజీల జెండా మీది గుర్తు కూడా అదే. ఆ దంపతులు సింహాసనం విడిచిపెట్టవలసివచ్చింది. అలంకారంగా మాత్రమే గతాన్ని ధరించడం సాధ్యం కాదని, మధ్యలో గడచిన శతాబ్దాలు కూడా ఆ వస్త్రంతోపాటే భుజాన పడతాయని ఆ సంస్థ ఆ ఏడాది తెలుసుకొన్నది.

మధ్యయుగం ఐరోపా సొత్తు కాదన్న సంగతి నిజానికి పెన్సిక్ మూలపురుషునికే తెలుసు. కారియడాక్ ఆ లోకంలో ధరించిన రూపం ఇంగ్లీషు ప్రభువుది కాదు. ఉత్తరాఫ్రికాలోని మగ్రిబ్ ప్రాంతపు ముస్లింది. మంగోలులుగా, జపానువారుగా, అరబ్బులుగా జీవించేవారు ఆ గుడారాలలో ఉన్నారు. అయినా రాజు, నైట్, కోట అన్న చట్రం మాత్రం పశ్చిమ ఐరోపాది. అతిథులుగా ఇతర దేశాలకు స్థానం ఉన్నది; ఇల్లు మాత్రం ఒకరిదే. ఆ చట్రం ఎంత ఇరుకైనదో తెలుపడానికి తెలుగునేలకు సంబంధించిన సాక్ష్యమే ఉన్నది. పదమూడవ శతాబ్దపు చివర మార్కోపోలో మోటుపల్లి రేవు గల రాజ్యాన్ని గురించి వ్రాశాడు. ఆ దేశాన్ని పాలించిన రాణి న్యాయబుద్ధిని, అక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని వస్త్రాలను అతడు ఐరోపావారికి వర్ణించి చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల నిశ్చయం. ఐరోపాలోని కోటలలో మధ్యయుగం నడుస్తున్ననాడే ఓరుగల్లు కోటలోనూ అది నడిచింది. వెనిసు వర్తకుడు ఆనాడే ఎరిగిన ఈ విశాలతను స్లిప్పరీ రాక్ మైదానం ఇంకా పూర్తిగా అందుకోలేదు.

అక్కడ లేడని చెప్పుకొన్న పాలేరు నిజంగానే లేడా అని చూస్తే మాత్రం ఒక విశేషం బయటపడుతుంది. ఆ బిడారులో రైతు వేషం కట్టేవారు అరుదు. కాని పాలేరు చేయవలసిన పనులన్నీ ఉన్నాయి. ద్వారం దగ్గర రాత్రింబవళ్లు కావలి ఉండాలి. చెత్త మోయాలి. దారి తప్పిన పిల్లలను వెదకాలి. ఈ పనులకు కూలివారిని పెట్టుకోకుండా వచ్చినవారే వంతులు వేసుకొని చేస్తారు. ఆగస్టు ఎండలో ఇనుప కవచాలలో ఉడికిపోతున్న యోధులు యుద్ధవిరామంలో కూలబడగానే, పొలిమేరలో వేచి ఉన్న నీటిమోతలు కూజాలతో, ఊరవేసిన దోసముక్కలతో, నారింజ తొనలతో వరుసల మధ్యకు పరుగెత్తుతారు. ఎవరి పక్షమని అడగరు. శిరస్త్రాణం తీయలేనంత అలసినవాని నోటికి తామే నీరు అందిస్తారు. వారి పేర్లు యుద్ధఫలితాలలో ఎక్కవు. కాని నీటిమోత కనిపించగానే పక్కకు తొలగి దారి ఇవ్వని యోధుడు, ఎంతటి ప్రభువైనా, ఆ మైదానంలో తలెత్తుకొని తిరగలేడు.